టైలరు బాబాయి నలభై రెండు మైళ్ళు

టైలరు బాబాయి పోయారన్న సంగతి నాకు బాపట్ల బస్టాండులో తెలిసింది. బడి వదిలాక కూరగాయల సంచీతో ఇంటికి వస్తుంటే, కదలబోతున్న రేపల్లె బస్సు కిటికీలోంచి మా ఊరాయన ఒకరు తల బయటపెట్టి, "టీచరమ్మా, మన నలభై రెండు మైళ్ళ టైలరు పోయాడుగా, తెలీదా?" అని కేకేశాడు. ఎప్పుడని అడిగేలోపే బస్సు ముందుకు పోయింది. "ఆదివారం కూడిక పెట్టారు, రండి!" అన్న మాట మాత్రం దుమ్ములోంచి వినిపించింది.

సంచీ కింద పెట్టి అక్కడే నిలబడిపోయాను. ఏడుపు రాలేదు, సిగ్గేసింది. చావు కబురు వింటే సిగ్గెందుకని మీరు అనుకోవచ్చు. ఆ నలభై రెండు మైళ్ళన్న మాట బాబాయి పేరుకు తగిలించింది నేనే. అది తప్పు లెక్క. తప్పని అయిదారేళ్ళుగా నాకు తెలుసు, బాబాయికీ తెలుసు, ఊరికి మాత్రం తెలియదు. ఎవరికీ చెప్పవద్దని ఆయనే నా దగ్గర మాట తీసుకున్నారు. ఎందుకో చెప్పలేదు. ఇప్పుడు మనిషే లేరు. ఆయనకిచ్చిన మాట నిలబెట్టుకోవాలా, ఆయన పరుగు గురించి ఊరికి నిజం చెప్పాలా అన్నది తేలక, ఆదివారం దాకా నేను తిన్న అన్నం ఒంటబట్టలేదు.

రేపల్లెలో మా ఇంటి వీధి గదిలో బాబాయి కుట్టు మిషను ఉండేది. ఆయన మాకు చుట్టం కాదు. మా నాన్న ఆ గది అద్దెకిచ్చారు, అంతే. కానీ నాకు మాటలు వచ్చిన దగ్గర్నుంచీ ఆయన బాబాయే, ఆయన భార్య పిన్నే. వాళ్ళు ఆదివారాలు చర్చికి వెళ్ళేవారు, మా ఇంట్లో శనివారాలు ఒంటిపూట ఉండేవాళ్ళం. పిన్ని అరిసెలు మాకు, అమ్మ పులిహోర వాళ్ళకు గోడ మీదుగానే చేతులు మారేవి.

బాబాయి మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉండేది. ఒక ఆదివారం దానితోనే ప్రార్థనకు వెళ్ళి వచ్చారు. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని పనిచేసేవారు గనుక ఆయన మాటలు చాలావరకు "ఊ", "ఊహూఁ"లే. ఏదైనా గట్టి సంగతి వస్తే మాత్రం సూదులు ఒక్కొక్కటే తీసి చొక్కా జేబుకి గుచ్చుకుని, అప్పుడు నోరు విప్పేవారు. ఆయన సూదులు తీయడం మొదలుపెడితే మేమంతా సర్దుకు కూర్చునేవాళ్ళం.

బట్టల కొట్లలో గజాలు పోయి మీటర్లు వచ్చిన రోజులవి. జనం నోళ్ళలో మాత్రం గజాలే ఉండేవి. మీటర్లలో చెప్పిన లెక్కకి గజాల్లో కొనుక్కొస్తే చొక్కాకి చేతులుండేవి కావు. అందుకని ఎవరు ఏ గుడ్డ తెచ్చినా బాబాయి ముందు అడిగే మాట, "గజమా, మీటరా?" అని. "మూడు తెచ్చానయ్యా" అంటే ఒప్పుకునేవారు కాదు. "మూడేంటి? మూడు మామిడికాయలా? ఏ కొలతో చెప్పు" అనేవారు. "కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, కోత తప్పితే ఏం చేస్తావమ్మా" అని నాకే వందసార్లు చెప్పి ఉంటారు.

అంతటి చాదస్తుడు నన్ను ఆ ఒక్క ప్రశ్న ఎందుకు అడగలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నేను ఎస్సెల్సీ చదువుతున్న ఏడు అది. షాపుకు వచ్చినవాళ్ళు కాలక్షేపానికి చదువుకుంటారని బాబాయి పేపరు తెప్పించేవారు. అందులో ఒక మూల చిన్న వార్త పడింది. మద్రాసులో దూరపు పరుగు పందెం పెడుతున్నారట, దాన్ని మారథాన్ అంటారట, వయసుతో పనిలేకుండా ఎవరైనా రావచ్చట. బాబాయి ఆ వార్తని కత్తెరతో నీటుగా కత్తిరించి గోడకి గుచ్చారు. రెండు రోజులు దాన్ని చూసుకుంటూ కుట్టారు. మూడో రోజు నేను బడి నుంచి వచ్చేసరికి సూదులు తీస్తున్నారు.

"అమ్మాయ్, నేను ఈ పందేనికి పోదామనుకుంటన్నా."

నేను పకపకా నవ్వాను. ఆయన నవ్వలేదు.

"ఏంటి బాబాయ్, నిజంగానా? మీరెప్పుడన్నా పరిగెత్తారా?"

"బస్సు కోసం కూడా పరిగెత్తలేదమ్మా. అందుకే ముందు నేర్చుకోవాలి."

అప్పటికి ఆయనకు నలభై దాటాయి. ఈ వయసులో ఇదేం బుద్ధి అని అడగనివారు లేరు. మా నాన్నతో, కాళ్ళు వాస్తున్నాయండి, డాక్టరు కదలమన్నాడు అని చెప్పారు. చర్చి అయ్యగారితో, దేవుడిచ్చిన కాళ్ళు కదండి, వాడకపోతే తప్పు అన్నారు. పిన్నితో "ఊరికే" అన్నారు. నాతో చెప్పింది వేరు. "ఇరవై ఏళ్ళ నుంచి ఈ మిషను తొక్కుతున్నా. ఆ తొక్కిందంతా కలిపితే ఢిల్లీ పోయి వచ్చుండేవాణ్ణి. చూస్తే ఉన్న చోటే ఉన్నా. ఒక్కసారి ఈ కాళ్ళతో ముందుకి పోయి చూద్దామని" అన్నారు. నలుగురికి నాలుగు కారణాలు. నాకు చెప్పింది బాగుంది కాబట్టి అదే అసలుదని నేను నమ్మేశాను. మిగిలిన ముగ్గురూ అలాగే నమ్మి ఉంటారు.

నాకు ఇంగ్లీషు బాగా వచ్చని వీధిలో పేరు. మద్రాసుకి ఉత్తరం నేనే రాశాను. పది రోజులకి జవాబూ, నింపి పంపాల్సిన ఫారమూ వచ్చాయి. షాపులో నిలబడి, గొంతు సవరించుకుని చదివి తెలుగులో చెబుతున్నాను. దూరం దగ్గరికి వచ్చేసరికి, "నలభై రెండు మైళ్ళు బాబాయ్" అన్నాను. కాగితం మీద ఉన్నది కిలోమీటర్లు. ఆ అక్షరాలు నేను చూడలేదని చెప్పను. చూశాను. కానీ మా ఇంట్లో దూరమంటే మైలే, మా నాన్న చేలు మైలున్నర, తాతగారి ఊరు ఏడు మైళ్ళు. కళ్ళు ఒకటి చూశాయి, నోరు అలవాటైన మాట అనేసింది. ఇవాళ నేను బడిలో కొలత రాయని పిల్లలకి అరమార్కు కోస్తాను. నాకెవరూ కోయలేదు.

బాబాయి గజమా మీటరా అన్నట్టు నన్ను కూడా అడుగుతారేమోనని, ఇప్పుడు తలుచుకున్నా చెవులు రిక్కిస్తాను. ఆయన టేపుని వేళ్ళ మధ్య మెల్లగా లాగుతూ, "నలభై రెండు. అంటే రేపల్లె నుంచి తెనాలి పోయి, మళ్ళీ రేపల్లె రావటమన్నమాట" అన్నారు. అంతే.

మర్నాటి నుంచి సాధన. పరుగు కోసం ఆయన ముందు చేసిన పని నిక్కరు కుట్టుకోవడం. మొదటిది తొడలు ఒరుసుకుపోయేట్టు చేసింది. రెండోది జారింది. మూడోదానికి కుట్లన్నీ బయటివైపు వచ్చేట్టు వేశారు. చూసేవాళ్ళకి నిక్కరు తిరగేసి తొడుక్కున్నట్టు ఉండేది. "నలభై ఏళ్ళొచ్చాక నిక్కరేంటయ్యా, అదీ తిరగేసి" అని పిన్ని తల కొట్టుకునేది. తెల్లవారగానే బయల్దేరి, షాపు తెరిచే వేళకి వచ్చేసేవారు. మొదటి వారం ఊరు దాటలేదు. దొడ్డిగుమ్మంలోంచి వచ్చి, అరుగు మీద పడుకుని, ఎవరూ చూడలేదుగా అని అడిగేవారు. ఊరంతా చూసింది. కుక్కలు చూశాయి. "బాబాయ్, అప్పులోళ్ళు ఎంటబడ్డారా?" అని పాలవాళ్ళు ఆటపట్టించారు. భట్టిప్రోలు బస్సు కండక్టరు అయితే రోజూ బస్సు ఆపించి, "ఎక్కు బాబాయ్, టిక్కెట్టొద్దులే" అని బతిమాలేవాడు. తాను పరిగెత్తేది ఎక్కడికీ వెళ్ళడానికి కాదని అతనికి నచ్చజెప్పలేక, బస్సు వచ్చే వేళకి బాబాయి కాలవగట్టు దిగిపోయేవారు.

పల్లికోన దాకా పోయి రావడం, తర్వాత భట్టిప్రోలు, తర్వాత ఇంకాస్త ముందుకు. బూట్లు కొరికితే తీసి పారేసి వట్టికాళ్ళతో పరిగెత్తారు. మనిషి సన్నబడ్డారు. చొక్కాలన్నీ తనకు తానే లోపలికి పట్టుకున్నారు. వింతేమిటంటే, అంత పరిగెత్తి వచ్చిన మనిషి మిషను దగ్గర కూర్చుంటే కాలు ఇంతకు ముందుకంటే నెమ్మదిగా ఆడేది. ఆడవాళ్ళ జాకెట్లు ఆలస్యమయ్యేవి. అడిగితే, "తొందరేంటమ్మా" అనేవారు.

పండగ కుట్లన్నీ అయిపోయి, పొలాల్లో మినుము పీకే రోజులు వచ్చాయి. మద్రాసు పందెం ఇంకా నెల ఉంది. ఒకసారి మొత్తం దూరం పరిగెత్తి చూసుకోవాలని, అది అయితేనే ఫారం పంపుతానని బాబాయి పట్టుబట్టారు. ఒక సోమవారం చీకటి విడుతుండగా బయల్దేరారు. వీధివీధంతా గుమ్మాల్లో నిలబడింది. తొమ్మిదింటికల్లా తెనాలిలో సోడా తాగుతుండగా చూశామని రైలు దిగినవాళ్ళు చెప్పారు. వెనక్కి తిరిగారని కూడా చెప్పారు. నేను ఆ రోజు బడికి పోలేదు.

మధ్యాహ్నం రైలుకి ఆయన్ని దింపారు. ఇద్దరు మనుషులు చెరొక భుజం పట్టుకుని నడిపించుకొచ్చారు. వేమూరు దగ్గర పడిపోయాడంట అన్న మాట ఆయనకంటే ముందే వీధిలోకి వచ్చింది. మోకాళ్ళ దాకా దుమ్ము, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నా ముందు నుంచే వెళ్ళారు, నా వైపు చూడలేదు. పిన్ని తలుపు వేసుకుంది.

మర్నాడు షాపు తెరిచారు. సూదులు తీయకుండానే, "మద్రాసోళ్ళకి రావట్లేదని రాసెయ్యమ్మా" అన్నారు.

"ఇంకోసారి చూడొచ్చు కదా బాబాయ్?"

"వేమూరు నుంచి ఇక్కడికి పదమూడు మైళ్ళు. పదమూడంటే మాటలా?"

ఆ ఉత్తరం కూడా నేనే ఇంగ్లీషులో రాసి పోస్టు చేశాను. బాబాయి మళ్ళీ పరిగెత్తలేదు. ఊరు మాత్రం ఆయన్ని వెక్కిరించలేదు. నలభై రెండు మైళ్ళకి తెగించిన మనిషి అని చెప్పుకుంది. కొత్తగా వచ్చినవాళ్ళకి షాపు గుర్తు కూడా అదే అయింది.

తర్వాత నేను చదువుకుని, బాపట్లలో టీచరుగా చేరాను. ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో మా డ్రిల్లు మాస్టారు ఏదో మాటల్లో మారథాన్ సంగతి ఎత్తారు. "ఇరవై ఆరు మైళ్ళ చిల్లర టీచర్. నలభై రెండు కిలోమీటర్లు. ఇక్కడ రైలెక్కితే తెనాలి ఎంతో, దగ్గర దగ్గర అంత" అన్నారు. నా చేతిలో పెరుగన్నం డబ్బా ఉంది. మూత పెట్టేశాను. రేపల్లె నుంచి తెనాలి ఇరవై ఒక్క మైళ్ళు. తెనాలి నుంచి వెనక్కి జంపని వచ్చేసరికే ఇరవై ఆరు అయిపోయింది. జంపని దాటి వేమూరు దాకా వచ్చిన మనిషి పందెం ఎప్పుడో పూర్తిచేశాడు. చేసి, ఓడిపోయాననుకుని, నా చేతే రాననే ఉత్తరం రాయించాడు.

ఆ శనివారం తెనాలిలో రైలు మారి రేపల్లె వెళ్ళాను. బాబాయి జాకెట్టుకి అంచు కుడుతున్నారు. గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. కాలు ఆగింది. సూదులు తీయడం మొదలుపెట్టారు. అన్నీ తీశాక, "మైలుకి కిలోమీటర్లు ఎన్నమ్మా?" అన్నారు. ఒకటీ పాయింటు ఆరు అన్నాను. బల్ల మీద సుద్దతో లెక్క వేసి, కాసేపు చూసి, అరచేత్తో తుడిచేశారు.

"ఎవరికీ చెప్పమాకు" అన్నారు.

"అదేంటి బాబాయ్? మీరు గెలిచినట్టే కదా. ఊరికి తెలియొద్దూ?"

"చెప్పమాకమ్మా. మాటివ్వు."

ఇచ్చాను. ఇచ్చి, ఏడుస్తూనే అడిగాను. "అందర్నీ అడుగుతారుగా, గజమా మీటరా అని. నన్నెందుకు అడగలేదు?"

ఆయన సూదులు మళ్ళీ పెదాల మధ్య పెట్టుకోబోయి ఆగి, "అడగబుద్ధి కాలేదు" అన్నారు. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్ళినా ఆ ఊసు ఎత్తనివ్వలేదు. కాఫీ తాగి వెళ్ళమనేవారు, అంతే.

నన్ను నలుగురిలో తక్కువ చేయడం ఇష్టంలేక దాచమన్నారా? నలభై రెండు మైళ్ళ మనిషి ఇరవై ఆరు మైళ్ళ మనిషి అయిపోతాడని దాచమన్నారా? లేక నా మీద కోపమా? రాత్రి ఒకటి ఖాయమనుకుంటే తెల్లారేసరికి ఇంకోటి ఖాయమనిపించేది. ఈ సందిగ్ధంతోనే ఆదివారం కూడికకు వెళ్ళాను.

చర్చి పక్కన తాటాకు పందిరి. వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. మనిషి పోయాక ఆదరణ కూడిక పెట్టి, ఎరిగినవాళ్ళని ఒక్కొక్కరినే లేపి ఆ మనిషి గురించి సాక్ష్యం చెప్పమంటారు. లేచినవాళ్ళంతా నలభై రెండు మైళ్ళ సంగతే చెప్పారు. చివరికి అయ్యగారు, "టీచరమ్మగారు కూడా రెండు మాటలు" అన్నారు. లేచాను. వేరే ఏ మాటయినా చెప్పి కూర్చునేదాన్ని. సాక్ష్యం అన్నారు గనుక అబద్ధం నోటికి రాలేదు. మొత్తం చెప్పేశాను, నేను చదివిన కాగితం, నేనన్న మైళ్ళు, ఆయన తీసుకున్న మాట, అన్నీ.

వెనక నుంచి ఒకాయన, "అయితే గెలిచినట్టేగా?" అన్నాడు.

"గెలవటమేంటి, అసలు పోతేగా మద్రాసు" అన్నాడు ఇంకొకాయన.

"అయితే ఓడిపోయాడంటావా?"

"అదీ అననుగా."

"ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకుని ఇప్పుడు చెప్తావేంటమ్మా!" అని ఒక పెద్దాయన నా మీద మండిపడ్డాడు. ఆయన కోపం న్యాయమే. అయ్యగారు ఆమెన్ అనాలో వద్దో తెలియక పుస్తకం మూసి, మళ్ళీ తెరిచారు.

చాప మీద కూర్చున్న పిన్ని తల ఎత్తింది. "ఆయన వేమూరులో పడిపోలేదే అమ్మాయ్" అంది.

"మరి?"

"కూర్చున్నాడు."

ఏమంది, ఏమంది అని వెనకవాళ్ళు అడుగుతున్నారు. పిన్ని నాతోనే మాట్లాడింది. "ఆ రోజు కాళ్ళు కడుగుతుంటే చెప్పాడు. రోడ్డు పక్క చేలో మినుము పీకే ఆడోళ్ళు అన్నాలకి కూర్చున్నారంట. ఎండనపడి వస్తన్నాడని, 'రా బాబాయ్, రెండు ముద్దలు తిని పో' అని పిలిచారంట. ఆగాడంట. వాళ్ళలో ముసలామె, 'ఎక్కడిదాకా నాయనా, అట్టా పరిగెడతన్నావు?' అని అడిగిందంట."

"ఏమన్నారు?"

"'ఇక్కడికేనమ్మా' అన్నాడంట. తిన్నాక లేవబోతే పిక్కలు పట్టేసి లేవలేకపోయాడు. వాళ్ళే రైలెక్కించారు. పడిపోయాడని మీరంతా అనుకున్నారు. ఆయన కాదన్లేదు."

మరి నాతో పదమూడు మైళ్ళు మిగిలాయని ఎందుకన్నారు? పిన్నికి చెప్పింది నిజమా, నాకు చెప్పింది నిజమా? పిన్నిని అడిగితే, "ఏమోనే" అంది. నాకూ ఏమోనే. నేను పాడుచేసిన పరుగు ఇదా, నేను పాడుచేయలేకపోయిన పరుగు ఇదా అన్నది తేల్చుకోలేక తిరుగు రైలెక్కాను.

కానీ ఇప్పుడు బాబాయి అనగానే నాకు కనిపించేది మిషను ముందున్న మనిషి కాదు. ఒక చేలో ఆడవాళ్ళు కాస్త జరిగి చోటిస్తారు. పీకిన మినుము కుప్ప నీడన ఆయన రెండు కాళ్ళూ బారచాపుకుని కూర్చుంటారు. ఎవరో అరచేతిలో ముద్ద పెట్టి, దాని మీద ఎర్రటి పచ్చడి వేస్తారు. ఆయన తింటూ ఉంటారు, కాళ్ళు రెండూ దుమ్ములో కదలకుండా ఉంటాయి.